టర్బో పోయిందనే ముందు

కారు వెనక నీలిపొగ కనిపిస్తే వర్క్‌షాపులో చాలాసార్లు మొదట వినపడే మాట, "టర్బో పోయింది." కొత్తది బిగిస్తారు, బిల్లు వేలల్లో వస్తుంది. కొన్ని బళ్లలో అదే పొగ మళ్లీ మొదలవుతుంది. తప్పు టర్బోదేనా అని తేల్చుకోవాలంటే ఆ యంత్రం ఎలా పుట్టిందో, దాని లోపల నూనె ఎలా నడుస్తుందో తెలియాలి.

స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూఖీ 1905లో దీనికి పేటెంటు పొందాడు. ఇంధనంలోని శక్తిలో దాదాపు మూడోవంతు పొగగొట్టం గుండా వృథాగా పోతుంది. ఆ వేడి వాయువుతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు రెండో కొసన ఉన్న చక్రంతో గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపాలన్నది ఆయన ఆలోచన. అది పనిలోకి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1920ల నడుమ 'ప్రాయిసెన్', 'హాన్సెస్టాట్ డాన్‌జిగ్' అనే జర్మన్ ఓడల డీజిల్ ఇంజిన్లు టర్బోతో 1,750 నుంచి 2,500 హార్స్‌పవర్‌కు పెరిగాయి. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వేర్ మోంజా స్పైడర్‌లతో టర్బో కార్లలోకి దిగింది. ఓడ ఇంజిన్ చాలావరకు ఒకే వేగంతో నడుస్తుంది. కారు అలా కాదు. పరుగెత్తుతుంది, ఆగుతుంది, ఎర్రగా కాలిన టర్బోతోనే తాళం తీయించుకుంటుంది. నూనె కష్టాలు ఎక్కువైంది ఇక్కడే.

కారు టర్బో ఇరుసు నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. చాలా టర్బోల్లో దాన్ని మోసేది బుష్ బేరింగుల్లోని పలుచని నూనె పొర. ఆ నూనె బయటికి రాకుండా ఆపడానికి రబ్బరు సీలు ఉండదు, అంత వేడికి రబ్బరు నిలవదు. ఇరుసు గాడిలో సన్నని లోహపు రింగులుంటాయి. నిజానికి నూనెను లోపల ఉంచేది రెండు కొసల నుంచి ఒత్తే వాయు పీడనం. బేరింగు దాటిన నూనె పంపు సాయం లేకుండా, తన బరువుతోనే కింది గొట్టం గుండా ఆయిల్ సంపులోకి జారాలి. ఆ గొట్టం మసితో పూడినా, క్రాంక్‌కేసు ఆవిరిని బయటికి పంపే బ్రీదర్ మూసుకుపోయినా, పిస్టన్ రింగులు అరిగి క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగినా నూనెకు దారి ఉండదు. రింగుల పక్కనుంచి బయటపడుతుంది. ఎయిర్ ఫిల్టర్ మరీ పూడితే గాలిని ఒత్తే కంప్రెసర్ చక్రం నూనెను తన వైపు పీల్చేస్తుంది. ఇవి సరిచేయకుండా కొత్త టర్బో బిగిస్తే అదీ కారుతుంది.

పొగ రంగు కొంత చెబుతుంది. నీలం నూనె. వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో ఆగని తెలుపు, కూలెంటు. డీజిల్ బండిలో నలుపు, గాలికి మించిన ఇంధనం. టర్బో బాగానే ఉన్నా ఇంటర్‌కూలర్ హోసు చిరిగితే ఇదే వస్తుంది. అయితే పొగ ఎప్పుడు వస్తోందన్నది రంగు కన్నా ముఖ్యమని నా నమ్మకం. రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్టు చేయగానే ఒక్కసారి పొగ వదిలి ఆగితే వాల్వు సీళ్లను చూడాలి. పెట్రోలు బండిలో ఘాట్ దిగుతూ యాక్సిలరేటర్ వదిలి, మళ్లీ నొక్కగానే వస్తే వాల్వు గైడ్లు. ఎత్తు ఎక్కుతూ ఆగకుండా వస్తే రింగులు. కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్షలు ఆ సంగతి తేలుస్తాయి. సిగ్నల్ దగ్గర చాలాసేపు ఐడిలింగులో ఉండి కదలగానే వస్తే, అప్పుడు టర్బోను, దాని డ్రెయిన్ గొట్టాన్ని అనుమానించవచ్చు.

ఇంటర్‌కూలర్ హోసు విప్పితే లోపల పలుచగా నూనె తడి కనిపించడం మామూలే. బ్రీదర్ ఆవిరి అటే వెళ్తుంది. నూనె మడుగు కట్టి ఉంటేనే తప్పు. ఇరుసు పక్కలకు కాస్త కదలడమూ సహజమే. ముందుకూ వెనక్కూ ఆడుతుంటే, చక్రం గోడకు ఒరుసుకుంటుంటే ఆ టర్బో పనైపోయినట్టే.

కెటలిటిక్ కన్వర్టరు కొంత పొగను దాచేస్తుంది కాబట్టి ఆయిల్ తాగుతున్న సంగతి డిప్‌స్టిక్ దగ్గరే ముందు తెలుస్తుంది. డీజిల్ బండి అయితే ఆలస్యం చేయకండి. టర్బో నుంచి కారిన నూనెనే ఇంధనంగా కాల్చుకుంటూ ఇంజిన్ చెలరేగితే తాళం తీసినా ఆగదు. టర్బో మార్చాలని మెకానిక్ అంటే డ్రెయిన్ గొట్టం, బ్రీదర్, ఎయిర్ ఫిల్టర్ విప్పి చూపించమని అడగండి. మార్చక తప్పకపోతే నూనె తెచ్చే గొట్టాన్ని కూడా కొత్తది వేయించండి.