తలకు తగిన హెల్మెటు

జగిత్యాల–కోరుట్ల బాటపైనను, సిరిసిల్ల వీధులలోను హెల్మెటును మోచేతికి తగిలించుకొని మోటారు సైకిలు నడుపువారిని మేము తరచుగా చూచుచున్నాము. అడిగినచో, “ఉక్క, పైగా తలనొప్పి” అందురు. లోపము చాలవరకు ఎంపికలోనే యున్నది.

కనుబొమలకు కొంచెము పైగా టేపు చుట్టి, తల కొలతను తీసికొని, ఆ సైజునే అడుగవలెను. క్రొత్త హెల్మెటు చెంపలను కొద్దిగా నొక్కవలెను గాని నుదుట నొప్పి పుట్టింపరాదు. గడ్డము క్రింది పట్టీ బిగించి, వెనుకనుండి పైకెత్తి చూడుడు. అప్పుడే ఊడివచ్చునది పడినప్పుడు తలపై నిలుచునా? లోపలి థర్మోకోలు వంటి పొర తాను నలిగి దెబ్బను తగ్గించును. కావున ఒకసారి గట్టి దెబ్బ తిన్నదానిని, పైకి చెక్కు చెదరకున్నను, మరల ధరింపరాదు. మన యెండలకు గాలిరంధ్రములు గలది, లోపలి గుడ్డ ఉతుకుటకు వీలైనది మేలు. ఐ.ఎస్.ఐ. గుర్తు లేనివాని అమ్మకము 2021 జూన్ 1 నుండి నిషిద్ధము.

టేపు చేతనుండగనే, వెనుక కూర్చుండు ఇల్లాలి తలను గూడ కొలువుడు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ఆమెకును హెల్మెటు విధించినది.