స్కానింగు అడగని రెండు ప్రశ్నలు

"అండాశయాల్లో నీటిబుడగలున్నాయమ్మా. బరువు తగ్గు, అన్నీ అవే సర్దుకుంటాయి." ఈ ఒక్క మాటా, చేతిలో స్కానింగు కాగితమూ. ఎంతోమంది ఆడపిల్లలు ఆసుపత్రి నుంచి వీటితోనే ఇంటికి వస్తారు. పొద్దున్నే తలుపు గడియపెట్టుకుని అద్దం ముందు గడ్డం కింది వెంట్రుకలు పీక్కోవడం, "ఇంత లావయ్యావేమే?" అనే అత్తయ్య ఎదురవుతుందని చుట్టాల పెళ్లి ఎగ్గొట్టడం ఆ కాగితంలో ఉండవు.

నిజానికి పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) అనే ఈ సమస్యలో స్కానింగులో కనిపించేవి నీటిబుడగలు కావు. పక్వానికి రాకుండా మధ్యలోనే ఆగిపోయిన ఫాలికల్స్, అంటే అండాన్ని మోసే చిన్న తిత్తులు. చాలామందిలో ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించదు. దాంతో రక్తంలో ఇన్సులిన్ పెరిగి, పురుష హార్మోన్లు ఎక్కువగా తయారయ్యేలా అండాశయాలను పురిగొల్పుతుంది. నెలసరి తప్పడం, మొటిమలు, అవాంఛిత రోమాలు, మెడ మీద నలుపు ఈ మార్పుల ఫలితమే. పిల్లలు కనే వయసు స్త్రీలలో 10 నుంచి 13 శాతం మందికి ఈ సమస్య ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మరి మనసు సంగతి? పలు అధ్యయనాలను కలిపి 2017లో చేసిన విశ్లేషణలో, పీసీఓఎస్ ఉన్నవారిలో నూటికి సుమారు 37 మందికి కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. లేనివారిలో 14 మందికే. ఆందోళన లక్షణాలైతే 42 మందికి, లేనివారిలో 9 మందిలోపే. ఒకే బరువున్నవారిని పోల్చినా తేడా చెరిగిపోలేదు. కాబట్టి "బరువు తగ్గితే చాలు" అన్న సలహా మనసుకు సరిపడే మందు కాదు. పైగా మనసు కుంగినవారికి నడకకు వెళ్లే ఓపిక ఉండదు. నిద్ర పట్టదు. రోజంతా కడుపు మాడ్చుకుని, రాత్రికి ఆగలేక అతిగా తిని, మళ్లీ తమనే తిట్టుకుంటారు.

అందుకే ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 2023లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, పీసీఓఎస్ నిర్ధారణ అయిన ప్రతి స్త్రీకీ, టీనేజీ పిల్లలకూ కుంగుబాటు, ఆందోళన పరీక్షలు చేయాలంటున్నాయి. కుంగుబాటును తొలిగా పసిగట్టడానికి రెండు ప్రశ్నలు చాలు. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి, సంతోషం తగ్గాయా? దిగులుగా, నిరాశగా అనిపించిందా? "అస్సలు లేదు" అంటే 0, "దాదాపు రోజూ" అంటే 3. రెండూ కలిపి 3 గానీ, అంతకు మించి గానీ వస్తే డాక్టరు మరింత లోతుగా పరీక్షించాలి.

ఆలోచనల తీరును మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. అవసరమైతే మందులూ ఉన్నాయి. కొన్ని బరువు పెంచుతాయి కనుక పీసీఓఎస్ ఉందని సైకియాట్రిస్టుకు ముందే చెప్పాలి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ కౌన్సెలర్లు ఏ వేళలోనైనా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనూ. బతకాలని లేదన్న మాట వినిపిస్తే మాత్రం మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అమ్మలకు ఒక మనవి. ఈసారి కూతురి రిపోర్టు చేతికొచ్చినప్పుడు బరువు ఎంతని అడిగే ముందు, పక్కన కూర్చుని "ఈ రెండు వారాలూ ఎలా ఉన్నావమ్మా?" అని అడగండి. జవాబు చెప్పడానికి తనకు కాస్త సమయం పట్టినా తొందరపెట్టకండి.