మందగించిన థైరాయిడ్ గ్రంథి

నందిగాం, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో తెల్లవారేసరికి ముఖం ఉబ్బి, కాళ్లు బరువెక్కిన మనిషిని చూస్తే ఇంటివారికి ముందుగా తోచేది మూత్రపిండాల జబ్బే. ఆ భయం ఊరక పుట్టినది కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస మొదలుకొని పలాస వరకు గల ఉద్దానంలో, కారణం ఇంకా తేలని మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండాల పరిశోధన కేంద్రం ప్రారంభమైనవి. క్రియాటినిన్ అనే మాట ఇక్కడ చదువురానివారి నోట కూడ వినబడుతుంది.

అయితే ముఖం ఉబ్బటం, నీరసం, రక్తంలో క్రియాటినిన్ కొద్దిగా పెరగటం, ఈ మూడింటిని మరొక జబ్బు కూడ చూపగలదు. దాని మూలం మూత్రపిండాలలో కాదు, మెడలో ఉన్నది. రోజుకొక చిన్న మాత్రతో అది అదుపులోకి వస్తుంది. అందువల్లనే దానిని గుర్తించక వదలివేయటం పెద్ద నష్టం.

గొంతుముడికి కొంచెం దిగువను, శ్వాసనాళానికి ముందు, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో థైరాయిడ్ గ్రంథి ఉన్నది. దీనినే మన పాఠ్యగ్రంథాలలో అవటు గ్రంథి అంటారు. ఇది తయారుచేసే థైరాక్సిన్ అనే హార్మోను నేరుగా రక్తంలో కలుస్తుంది. శరీరంలోని కణాలు ఆహారాన్ని ఎంత వడిగా వాడుకొని శక్తిని పుట్టించాలో నిర్ణయించేది ఈ హార్మోనే. పొయ్యిలో కట్టెలెన్ని ఉన్నా గాలి తగలకపోతే మంట మందగిస్తుంది గదా! థైరాక్సిన్ తగ్గినప్పుడు శరీరం పరిస్థితి ఇంచుమించు అదే. ఇతరులకు లేని చలి తనకు వేస్తుంది. చర్మం పొడిబారుతుంది, జుట్టు రాలుతుంది, గొంతు బొంగురుపోతుంది, మలబద్ధకం పట్టుకుంటుంది. స్త్రీలలో నెలసరి రక్తస్రావం ఎక్కువ కావచ్చు. మరపు, నిద్రమత్తు తోడవుతాయి. ఇవన్నీ నెలల తరబడి మెల్లగా వస్తాయి కాబట్టి, జీడిపిక్కల పనిలో అలసటనో వయసు మళ్లటమనో సరిపెట్టుకుంటారు. పురుషులకంటె స్త్రీలలో ఈ జబ్బు చాలా ఎక్కువ.

ఇక వాపు సంగతి. థైరాక్సిన్ చాలనప్పుడు చర్మం క్రింద జిగురువంటి పదార్థాలు చేరి నీటిని పట్టి ఉంచుతాయి. మూత్రపిండాల వాపును బొటనవ్రేలితో నొక్కి ఉంచితే సాధారణంగా గుంట పడుతుంది. ఈ వాపు నొక్కినా గుంటపడదు. ఇది వైద్యునికి ఒక సూచన మాత్రమే, ఇంటిలో వ్రేలితో నొక్కి తీర్పు చెప్పుకోరాదు. గుండె కొట్టుకొనే వేగం, బలం తగ్గటంచేత మూత్రపిండాలకు చేరే రక్తం కూడ తగ్గుతుంది. అవి వడపోసే పని మందగించి క్రియాటినిన్ పెరుగుతుంది. థైరాక్సిన్ అందిన తరువాత ఈ పెరుగుదల చాలవరకు తిరిగి సర్దుకుంటుంది. అంతమాత్రాన ఉద్దానంలోని క్రియాటినిన్ అంతా థైరాయిడ్ వల్లనే అనుకోవటం ప్రమాదం. నిజానికి మూత్రపిండాల వ్యాధి ఉన్నవారిలో థైరాయిడ్ లోపం ఇతరులలో కంటె తరచుగా కనబడుతుంది. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. కాబట్టి రెండింటినీ పరీక్షించటమే తెలివైన పని.

పరీక్షలో చూసేది ముఖ్యంగా టి.యస్.హెచ్. అనే మరొక హార్మోనును. ఇది మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి నుండి వచ్చి, థైరాయిడ్‌ను పనిచేయమని హెచ్చరిస్తుంది. చెరువు మదుము దగ్గర ఉన్నవాడు నీరు తక్కువగా వదిలితే, దిగువ పొలంవాడు గట్టిగా కేక వేస్తాడు. నీరు ఎంత తగ్గితే కేక అంత పెరుగుతుంది. టి.యస్.హెచ్. ఆ కేక. పెద్దవారిలో అది సుమారు 0.4 నుండి 4 వరకు ఉండటం మామూలు. 12 అని వస్తే "థైరాయిడ్ పెరిగింది" అని ఊళ్లో అంటారు. ఈ మాట తలక్రిందులైనది. పెరిగింది కేక, తగ్గింది థైరాయిడ్ పని. ఈ తికమకవల్ల మాత్ర వేసుకుంటే ఇంకా పెరుగుతుందేమోనని మానివేసేవారు కూడ ఉంటారు. టి.యస్.హెచ్. స్వల్పంగా పెరిగి, థైరాక్సిన్ సరిగానే ఉన్నవారికి వెంటనే మాత్ర అవసరం లేకపోవచ్చు. రెండు మూడు నెలలు ఆగి మళ్లీ పరీక్షించటం మంచిది. 10 దాటినవారికి సాధారణంగా మందు మొదలుపెడతారు.

ఉప్పు ఎక్కువ తింటే తగ్గదా అని అడిగేవారున్నారు. థైరాక్సిన్ తయారీకి అయోడిన్ కావాలి, నిజమే. టెక్కలికి సమీపాన నౌపడ ఉప్పుమళ్లలో పండే కల్లుప్పు సముద్రం నుండి వచ్చినదే అయినా, అందులో సహజంగా ఉండే అయోడిన్ అతి స్వల్పం. అందుకే ఉప్పుకు అయోడిన్ వేరుగా కలపాలి. ఈ విషయంలో దేశానికి దారి చూపినవారిలో ఒకరు శ్రీకాకుళంలో 1921లో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి కావటం ఈ జిల్లావారు గర్వించదగిన సంగతి. 1956లో ఆయన, ఆయన సహచరులు హిమాలయాలలోని కాంగ్రా లోయను మండలాలుగా విభజించి, కొందరికి అయోడిన్ కలిపిన ఉప్పును, కొందరికి మామూలు ఉప్పును అందజేశారు. కొన్ని సంవత్సరాలలో అయోడిన్ ఉప్పు అందినచోట గళగండం బాగా తగ్గింది. మామూలు ఉప్పు అందినచోట తగ్గలేదు. 1962లో జాతీయ గళగండ నివారణ కార్యక్రమం మొదలైనది. కాని నేడు అయోడిన్ ఉప్పు వాడే పెద్దవారిలో లోపానికి సాధారణ కారణం వేరు. శరీర రక్షణ వ్యవస్థే పొరబడి ఈ గ్రంథిని దెబ్బతీస్తుంది. దీనిని 1912లో వర్ణించిన జపాను వైద్యుడు హషిమోటో పేరుతో పిలుస్తారు. దెబ్బతిన్న గ్రంథికి ఉప్పు ఎంత పోసినా ప్రయోజనం లేదు. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అది హాని కూడ.

లోపించిన దానిని బయటి నుండి ఇవ్వటమే చికిత్స. 1891లో ఇంగ్లండులో జార్జి మర్రే అనే వైద్యుడు గొఱ్ఱె థైరాయిడ్ రసాన్ని ఒక స్త్రీకి సూదిద్వారా ఎక్కించాడు. ఆమె ఆ చికిత్సతో మరి 28 ఏళ్లు జీవించింది. 1914లో కెండాల్ థైరాక్సిన్‌ను శుద్ధరూపంలో వేరుచేశాడు. 1927లో హారింగ్టన్, బార్జర్‌లు దానిని రసాయనికంగా తయారుచేశారు. నేటి మాత్రలోని మందు మన గ్రంథి తయారుచేసే థైరాక్సినే, అన్యపదార్థం కాదు. 100 మైక్రోగ్రాములంటే గ్రాములో పదివేలవ వంతు!

ఇంత కొద్ది మందుకు ఓర్పు మాత్రం చాలా కావాలి. రక్తంలోని థైరాక్సిన్ సగానికి తగ్గటానికి సుమారు ఏడు రోజులు పడుతుంది. కాబట్టి మోతాదు మార్చిన తరువాత మట్టం నిలకడ పొందటానికి నెలకు పైగా కావాలి. ఆరు నుండి ఎనిమిది వారాలు గడవకుండా చేసే పరీక్ష డబ్బు వృథా చేయటమే. పది రోజులకు నీరసం తగ్గలేదని మోతాదు తామే పెంచుకునేవారు, నెల తరువాత గుండెదడతో, చేతుల వణుకుతో తిరిగి వస్తారు. అతి మోతాదు ఎముకలను కూడ పలుచన చేస్తుంది. ముసలివారికి, గుండెజబ్బు ఉన్నవారికి 12.5 లేదా 25 మైక్రోగ్రాములతోనే ప్రారంభిస్తారు. ఒక పూట మరచిపోతే కంగారు పడనక్కరలేదు. పాతది ఇంకా రక్తంలో ఉంటుంది.

మాత్రను పరగడుపున మంచినీటితో వేసుకోవాలి. లేవగానే మ్రింగి, వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లి ఇంటిపని చూసుకొనేసరికి అరగంటో గంటో గడుస్తుంది. అప్పుడు టీ త్రాగవచ్చు. ఇనుము, కాల్షియం మాత్రలు థైరాక్సిన్‌ను ప్రేగులలో పట్టివేస్తాయి. వాటికి నాలుగు గంటల ఎడం ఉండాలి. మూత్రపిండాల రోగులకు భోజనంతోపాటు కాల్షియం ఇవ్వటం కద్దు కాబట్టి ఉద్దానంలో ఈ ఎడం మరీ ముఖ్యం. జుట్టుకోసం బయోటిన్ వాడుతున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. అది కొన్ని పరీక్షల అంకెలను తప్పుదారి పట్టిస్తుంది. సముద్రపు గాలి తేమకు, ఎండకు మాత్రలు పాడవుతాయి. సీసామూత బిగించి నీడపట్టున ఉంచాలి.

అంకె సరిపోగానే జబ్బు నయమైనదని మాత్ర మానివేయటం అన్నిటికంటె ఎక్కువగా జరిగే పొరపాటు. అంకె సరిపోయినది మాత్రవల్లనే. మానిన కొన్ని వారాలు ఏమీ తెలియదు, పాత థైరాక్సిన్ కరగిపోతూ ఉంటుంది. తరువాత మళ్లీ అదే ముఖపు వాపు, మళ్లీ అదే క్రియాటినిన్ భయం. మోతాదు కుదిరిన తరువాత సంవత్సరానికొకసారి పరీక్ష చాలు. గర్భం ధరించిన స్త్రీకి మాత్రం అంత ఆగటం తగదు. నెల తప్పినదని తెలిసిన వెంటనే ఆమె వైద్యుని చూడాలి. సాధారణంగా మోతాదును నాలుగోవంతుకు పైగా పెంచవలసి వస్తుంది. మొదటి నెలలలో గర్భస్థ శిశువుకు సొంత థైరాక్సిన్ ఉండదు, మెదడు పెరుగుదలకు తల్లి రక్తంలోనిదే ఆధారం.