టీబీలా కనిపించే దగ్గు.. గొడ్లపాక సంగతీ డాక్టర్‌కు చెప్పాలి! ఎందుకంటే?

కేసముద్రం లాంటి ఊళ్లలో ఇంటి పక్కనే గొడ్లపాక, మేకల దొడ్డి ఉండటం మామూలే. ఆరోగ్యవంతులకు వాటితో పెద్దగా ఇబ్బంది ఉండదు. రోగనిరోధక శక్తి తగ్గినవారికి మాత్రం అక్కడి దుమ్ము నుంచి అరుదైన ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ రావచ్చు. అది అచ్చం టీబీలా కనిపించడమే అసలు సమస్య.

ఏమిటీ క్రిమి?

పేరు రోడోకాకస్ ఈక్వి. 1923లో గుర్రం పిల్లల్లో గుర్తించారు. మనిషిలో తొలి కేసు 1967లో నమోదైంది. గుర్రాలు, పశువులు, మేకలు, పందుల పేడ కలిసిన మట్టిలో ఉంటుంది. ఎండిన దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

ఎవరికి ముప్పు?

హెచ్‌ఐవీతో సీడీ4 కణాలు బాగా తగ్గినవారికి, అవయవ మార్పిడి చేయించుకున్నవారికి, కీమోథెరపీ తీసుకుంటున్నవారికి, దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడేవారికి.

టీబీ అని ఎందుకు పొరబడతారు?

జ్వరం, వారాల తరబడి దగ్గు, బరువు తగ్గడం, ఒక్కోసారి కళ్లెలో రక్తం.. లక్షణాలు రెండింటికీ ఒకటే. ఎక్స్‌రేలో ఊపిరితిత్తిలో గుంత కనిపిస్తుంది. కళ్లె స్లైడ్‌పై కూడా కొన్నిసార్లు టీబీ క్రిమిలాగే ఉంటుంది. పైగా టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ దీనిపైనా కొంత పనిచేస్తుంది. దాంతో తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టవచ్చు.

ఎలా తేలుతుంది?

ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా చేసే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు టీబీ క్రిమి జన్యువునే పట్టుకుంటాయి. అందులో నెగెటివ్ వచ్చినా దగ్గు తగ్గకపోతే కళ్లె కల్చర్ గురించి డాక్టర్‌ను అడగాలి. కేసముద్రం వాసులు మహబూబాబాద్ ప్రభుత్వాసుపత్రిలో, అవసరమైతే వరంగల్ ఎంజీఎంలో చూపించుకోవచ్చు. జబ్బు నిర్ధారణ అయితే రెండు, మూడు యాంటీబయాటిక్స్ కలిపి నెలల పాటు వాడాల్సి ఉంటుంది.

ఇవీ గుర్తుంచుకోండి

* పావురాల రెట్టలోని క్రిప్టోకాకస్ ఫంగస్, కుక్కల దగ్గుకు కారణమయ్యే బోర్డెటెల్లా క్రిమి కూడా ఇలాంటివారి ఊపిరితిత్తులకు సోకవచ్చు.
* పాక ఊడ్వడం, పేడ ఎత్తడం, బాల్కనీలో రెట్ట తుడవడం ఇంట్లో వేరేవాళ్లకు అప్పగించాలి. ముందు నీళ్లు చల్లి, మాస్క్ పెట్టుకుని శుభ్రం చేయాలి.
* సొంతూళ్లో అమ్మానాన్నలు ఇలాంటి మందులు వాడుతుంటే, ఇంట్లోని పశువుల గురించి డాక్టర్‌కు మీరే చెప్పండి.
* టీబీ మందులు, హెచ్‌ఐవీ మందులు సొంతంగా ఆపొద్దు. హెచ్‌ఐవీ సేవల సమాచారానికి 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.