వయసు మీదికి నెట్టిన నొప్పి

ఆ మధ్య గుడివాడలో కొద్దిమంది మిత్రులం కూర్చుని కథలు చదువుకున్నాం. దివిసీమనించి వచ్చిన ఒక యువ రచయిత చదివిన కథలో నలభయ్యారేళ్ళ వ్యవసాయకూలీ వుంది. తెల్లారి లేచేసరికి ఆమె చేతివేళ్ళు ముడుచుకోవు. చెంబు పట్టుకోలేదు. వూడ్పుల్లో ఎండ తగిలితే మొహం కందిపోతుంది. “ముట్లుడిగే ఈడు గదే, అట్టాగే ఉంటది” అంటుంది అత్త. కథ అక్కడితో అయిపోయింది. అందరూ బాగుందన్నారు, నేనూ అన్నాను. బందరు బస్సెక్కాక ఒక సందేహం పట్టుకుంది. అత్త మాటని రచయిత కూడా నమ్మాడా? నమ్మివుంటే ఆ కథ వాస్తవాన్ని చూపించలేదు సరికదా, దానిమీద దుప్పటి కప్పింది.

ఈ సందేహం తీరాలంటే వైద్యశాస్త్రం జోలికి కొంత వెళ్ళక తప్పదు.

ఒంట్లోని రక్షణవ్యవస్థ బయటినించి వచ్చే సూక్ష్మజీవులతో పోరాడాలి. కొందరిలో అది దారితప్పి సొంత కణజాలంమీదే దాడి చేస్తుంది. అవయవాలకు ఆధారంగా వుండి వాటిని కలిపివుంచే సంయోజక కణజాలంమీద ఆ దాడి జరిగితే వచ్చేవే లూపస్, స్క్లీరోడెర్మా వంటి జబ్బులు. షోగ్రెన్ జబ్బు, రుమటాయిడ్ కీళ్ళవాతం వీటికి దగ్గరి చుట్టాలు. మన పల్లెల్లో వీటన్నిటికీ కలిపి ‘వాతం’ అనే ఒక్కపేరు. లూపస్ రోగుల్లో పదిమందికి తొమ్మిదిమంది స్త్రీలే. ఇందుకు కారణం ఒక్కటి కాదు. ఎక్స్ క్రోమోజోములకూ పాత్ర వుంది, ఈస్ట్రోజన్ హార్మోనుకూ పాత్ర వుంది.

అయితే ముట్లుడిగి ఈస్ట్రోజన్ తగ్గిపోయాక జబ్బూ తగ్గాలి కదా? అంత తేలిగ్గా తేలే లెక్క కాదిది. లూపస్ విషయంలో చాలామందికి జబ్బు విజృంభించడం మునుపటికంటె తగ్గుముఖం పడుతుంది. కాని అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలు అంతమాత్రాన బాగుపడవు. పైగా వయసులో గుండెకు వున్న కొంత రక్షణ కూడా పోతుంది. లూపస్ అసలే గుండెజబ్బు ప్రమాదాన్ని పెంచే జబ్బు. రుమటాయిడ్ కీళ్ళవాతం తరచు ఈ సంవత్సరాల్లోనే మొదలవుతుంది. షోగ్రెన్ కూడా నలభై, యాభైల్లోనే ఎక్కువగా బయటపడుతుంది. దానివల్ల కళ్ళూ నోరూ ఎండిపోతాయి. ముట్లుడిగినప్పుడు యోనిలో వచ్చే పొడితనం దానికి తోడవుతుంది. ఈ బాధని ఆమె భర్తతోనే చెప్పుకోలేదు, ఇక డాక్టరుతో ఏం చెప్పుకుంటుంది?

ఎముకల సంగతి మరొకటి. 1948లో కార్టిసోన్‌ని మొదటిసారి కీళ్ళవాతం రోగికి ఇచ్చినప్పుడు అదొక అద్భుతమనుకున్నారు. 1950లో దానికి నోబెల్ బహుమతి వచ్చింది. కాని స్టెరాయిడ్లు ఏళ్ళతరబడి వాడితే ఎముక గుల్లబారుతుంది. ఈస్ట్రోజన్ తగ్గినా గుల్లబారుతుంది. రెండూ కలిస్తే గట్టుమీద కాలు జారడమే తుంటి విరగడానికి చాలు.

ఇక్కడ మన రాష్ట్రపు ప్రత్యేకత ఒకటి గమనించాలి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఏ రాష్ట్రంలోనూ ఇంత లేదు. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పయ్యైదేళ్ళ మనిషి ఒక్కరోజులో ముట్లుడిగిన మనిషవుతుంది. అండాశయాలు వుంచినా కొందరిలో అవి ముందుగానే పని మానేస్తాయి. లూపస్ మూత్రపిండాలకు సోకినప్పుడు ఇచ్చే సైక్లోఫాస్ఫమైడ్ మందు కూడా అండాశయాలను దెబ్బతీయగలదు. మోతాదూ వయసూ పెరిగినకొద్దీ ఆ ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి అందరికీ ‘ఈడు’ దానంతటదే రాదు. కొందరికి దాన్ని కత్తీ, మందూ తెచ్చిపెడతాయి.

మరి ఏది వయసు, ఏది జబ్బు? వేడి ఆవిర్లు, నిద్రలేమి, ఒళ్ళునొప్పులు వయసువల్ల రావచ్చు. పొద్దున్నే గంటకుపైగా వేళ్ళు బిగుసుకుపోవడం, కణుపులు వాయడం, ఎండకు మొహం కందడం, నోట్లో మానని పుళ్ళు, తగ్గని జ్వరం – వీటిని మాత్రం వయసు ఖాతాలో వేయకూడదు. గిలకలదిండిలో ఐసులో చేతులు పెట్టి చేపలు వేరుచేసే మనిషి వేళ్ళు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలమైతే, అది పనివల్ల వచ్చిన తిమ్మిరేనని వదిలేయకూడదు. రక్తపరీక్ష, మూత్రపరీక్ష చేయించాలి. బందరులో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చింది. అయితే నాగాయలంకనించి అక్కడికి రావాలంటే కూలిమనిషికి ఒకరోజు కూలి పోతుంది. ‘వయసు’ అనే మాట ఇంటివాళ్ళకు ఆ ఖర్చు తప్పిస్తుంది. ఆ మాట అంత చలామణీ కావడానికి అదీ ఒక కారణం.

హార్మోను చికిత్స గురించి కూడా రెండు అతివాదాలున్నాయి. 2005లో అమెరికాలో 351మంది లూపస్ స్త్రీలతో ఏడాదిపాటు జరిపిన పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. హార్మోన్లు వాడినవారిలో తీవ్రమైన విజృంభణలు చెప్పుకోదగినంతగా పెరగలేదు, తేలికపాటివి పెరిగాయి. అందువల్ల అది అందరికీ నిషిద్ధమనడం తప్పు, అందరికీ మంచిదనడమూ తప్పే. రక్తం గడ్డకట్టే స్వభావం వున్నవారికి మాత్రం అది ప్రమాదకరం.

మన సాహిత్యంలో పెళ్ళీడూ పురుడూ కనిపించినంతగా ఈ వయసు కనిపించదు. పిల్లలు కనడం ఆగిన స్త్రీ కథలో అత్తగా మిగులుతుంది, లేదా గొణిగే ముసలమ్మగా మిగులుతుంది. ఆమె శరీరానికి అప్పుడూ ఒక చరిత్ర జరుగుతూనే వుందని మనం మరిచిపోతున్నాం.

ఆ యువ రచయితకు ఉత్తరం రాశాను. అత్త మాట తీసెయ్యనక్కర్లేదు, అది నిజమైన మాటే, మన ఇళ్ళల్లో అంటున్నదే. కాని చెంబు పట్టుకోలేని ఆ చెయ్యిని మీరు చూశారు. అత్త చూడలేదు. కథని అక్కణ్ణించి మొదలుపెట్టండి అని.