కుర్చీకంటె పెద్దది: సర్దారు గౌతు లచ్చన్నగారి ప్రజాజీవితము

భావనపాడు తీరమున నిలిచి చూచువారికి ముందు సముద్రమును, వెనుక నౌపడా ఉప్పుమళ్లును, వానికావల టెక్కలివైపు సాగిన వరిచేలును ఈ సీమ బ్రదుకును తేటతెల్లముగ జూపును. వలవేయువాడు, ఉప్పు పండించువాడు, దుక్కి దున్నువాడు, ఈ మువ్వురును ఇరుగుపొరుగువారు. మువ్వురికిని ప్రభుత్వముతో పని తప్పదు. ఒకప్పుడు ఉప్పుమీద పన్ను, ఒకప్పుడు జమీందారు శిస్తు, ఒకప్పుడు భూసేకరణము. ఇట్టి సమయములందు తమ పక్షమున నిలిచి మాటాడు మనిషి యొకడు కావలెనని ప్రతి గ్రామమును కోరుకొనును. అట్టి మనిషిని గుర్తించుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానముగా మేము ఈ నెల మన జిల్లావాడే యైన గౌతు లచ్చన్నగారి చరిత్రమును సభ్యుల యెదుట నుంచుచున్నాము.

లచ్చన్నగారు 1909వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీన బారువ గ్రామమున జన్మించిరి. మహేంద్రతనయానది సముద్రమున గలియుచోట నున్న యూరది. వారిది కల్లుగీత వృత్తిగా గల కుటుంబము. మోకు నడుమునకు జుట్టి, కత్తి చేతబట్టి, లొట్టి వ్రేలాడగట్టుకొని తెల్లవారకమునుపే తాడెక్కువాని బ్రదుకెట్టిదో మన రైతులకు వేరుగ జెప్ప నక్కఱలేదు. చెట్టు రైతుది, కష్టము గీతవానిది, వచ్చుబడిలో పెద్దపాలు సర్కారుది. జమీందారుల బిడ్డలును ప్లీడర్లును రాజకీయములు నడపు కాలమున అట్టి యింటినుండి ఒక నాయకుడు బయలుదేరుట సామాన్యము కాదు.

1930లో గాంధీమహాత్ముడు దండివద్ద ఉప్పు చేతబట్టినప్పుడు లచ్చన్నగారికి ఇరువది యేండ్లు. చదువు మాని యుద్యమమున దిగి, విదేశీ వస్త్రములను మంటపాలు చేసి, బారువ తీరమున సముద్రజలముతో ఉప్పు వండి, ఆ యుప్పును చుట్టుప్రక్కల గ్రామములందు అమ్మి, ఆ వచ్చిన కాసులతోనే యుద్యమమును నడపిరి. ఉప్పుమళ్ల మధ్య బ్రదుకు ఈ ప్రాంతపువారికి ఆ పని యర్థము ఎంతటిదో వెంటనే తెలిసినది. ఎదుటనున్న సముద్రము మనది, ఎండ మనది, చాకిరి మనది. పిడికెడు ఉప్పునకు మాత్రము అనుమతి పరాయివానిది! టెక్కలి, నరసన్నపేట ఉపకారాగృహములును, తరువాత బరంపురము చెఱసాలయు వారికి తొలి పాఠశాలలైనవి.

చెఱ విడిచివచ్చిన పిమ్మట వారు చేసిన పని వేదికలెక్కి ప్రసంగించుట మాత్రమే కాదు. స్వగ్రామమున రాత్రి బడులు పెట్టించిరి. హరిజనులకు దేవాలయ ప్రవేశము కల్పించుటకై పాటుపడిరి. పగలు కూలి చేసినవాడు రాత్రి దీపము ముందు కూర్చుండి తన పేరు తాను వ్రాసికొన నేర్చినచో, శిస్తు రసీదులో వ్రాసినది చదువగలుగును. చదువగలిగినవాడు ప్రశ్నింపగలుగును. రైతు సంఘమునకైనను సహకార సంఘమునకైనను పునాది యిదియే.

ఆనాడు ఈ సీమలో పర్లాకిమిడి, టెక్కలి, మందస, తర్లా మొదలైన జమీందారీలు వ్యాపించియుండెను. పొలము దున్నువాడు రైతేయైనను, అడవిలో కట్టె కొట్టుటకును, చెఱువు బాగుచేసికొనుటకును ఎస్టేటు కచేరివారి దయ కావలసియుండెను. ఆచార్య రంగాగారు ఆంధ్రదేశమున రైతులను సంఘటితపఱచుచుండగా, లచ్చన్నగారు వారికి శిష్యులై, ఈ ప్రాంతమున కుడిభుజముగ నిలిచిరి. 1937-38లో రైతు రక్షణ యాత్ర ఇచ్ఛాపురమునుండియే బయలుదేరి మద్రాసువరకు కాలినడకను సాగినది. 1940 మార్చిలో అఖిలభారత కిసాన్ మహాసభ పలాసలో జరిగినది. సభ ముగిసిన కొలది దినములకే, ఏప్రిల్ 1వ తేదీన, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురమున అడవికట్టె తగవు ముదిరి పోలీసులు కాల్పులు జరిపిరి. సాసుమాన గున్నమ్మ యను రైతుపడుచు గుండు దెబ్బకు నేలకొరిగినది. వీరగున్నమ్మ యని నేటికిని ప్రజ లామెను తలచుచున్నారు. 1942 క్విట్ ఇండియా యుద్యమమందు లచ్చన్నగారు మఱల చెఱకేగిరి. 1948లో మద్రాసు శాసనసభ జమీందారీల రద్దు చట్టమును చేసినప్పుడు, ఆ కాగితము వెనుక ఇందఱి చెఱవాసమును, ఒక యిల్లాలి రక్తమును ఉన్నవని మనము మఱువరాదు.

ఇంతవరకు చెప్పినది పోరాటము. పదవి వచ్చిన పిమ్మట మనిషి యెట్లుండెననుటయే అసలు పరీక్ష. 1951లో రంగాగారు కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపింపగా లచ్చన్నగారు వారి వెంట నడచిరి. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము ఏర్పడి, టంగుటూరి ప్రకాశముగారు ముఖ్యమంత్రి యైరి. ఆ మంత్రివర్గమున లచ్చన్నగారికిని స్థానము లభించినది. గీతవాని బిడ్డ మంత్రి యయ్యెను. ఇక్కడికే కథ ముగిసియున్నచో దానిని చెప్పుటకు మేము ఈ పుటలు వినియోగింపకపోదుము.

మద్రాసు రాష్ట్రమున మద్యనిషేధము 1937లో సేలము జిల్లాలో మొదలై, 1948 అక్టోబరు నాటికి రాష్ట్రమంతటను అమలులోనికి వచ్చినది. దాని యుద్దేశము మంచిది. త్రాగుబోతు మగని చేత ఇల్లు గుల్లయైన యిల్లాలి గోడు ఎఱుగనివారెవరు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడువారు సారాపై తిరుగబడినదియు, 1995లో రాష్ట్రమున మఱల నిషేధము వచ్చి, 1997లో సడలిపోయినదియు చదువరులకు జ్ఞాపకముండును. కాని 1948లో నిషేధముతో తాడెక్కు వృత్తియే నేరమైపోయినది. భూమి లేనివాడు, చదువు లేనివాడు, తాతతండ్రులనుండి ఒక్కటే పని నేర్చినవాడు ఏమి తిని బ్రదుకవలెను? ప్రత్యామ్నాయముగ చెప్పిన తాటిబెల్లపు పని అందఱికిని కూడు పెట్టజాలకపోయినది. దొంగసారా మాత్రము ఆగలేదు. గీతవాడు పస్తులుండగా దొంగసారా కాచువాడు లాభపడెను.

ఈ విషయమును విచారించుటకు ప్రభుత్వమే రామమూర్తి సంఘమును నియమించినది. నిషేధము ఫలింపలేదు గనుక ఎత్తివేయవలసినదని ఆ సంఘము సిఫారసు చేసినది. ప్రభుత్వము ఆ సిఫారసును అమలుపఱుపదాయెను. అప్పుడు లచ్చన్నగారి యెదుట రెండు త్రోవలుండెను. మంత్రిగ నుండి, సమయము చూచి మెల్లగ నచ్చజెప్పెదనని తనవారికి కబురంపుట యొకటి. కుర్చీ దిగి తనవారితో వీథిలో నిలుచుట రెండవది. వారు రెండవ త్రోవనే పట్టి, మంత్రిపదవికి రాజీనామా చేసి, గీతవారి సత్యాగ్రహమునకు నాయకులైరి. గీతవారు జట్లుజట్లుగా చెఱసాలలకు నడచిరి. 1954 నవంబరు 6వ తేదీన మద్యనిషేధపు తగవుమీదనే ప్రకాశముగారి ప్రభుత్వము శాసనసభలో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయినది. ప్రజలు లచ్చన్నగారిని సర్దారని పిలిచిరి. సర్కారు ఇచ్చిన బిరుదు కాకపోయినను, ఆ పేరు జీవితాంతము నిలిచినది.

గాంధీగారి పిలుపునకు చెఱకేగినవాడు గాంధీగారికి ప్రియమైన నిషేధమునకు ఎదురు నిలువవచ్చునా యని ఆనాడు అడిగినవారు కలరు. ఈ ప్రశ్న తోసివేయదగినది కాదు. మాకు దోచునది యిది: మంచి చట్టమైనను, దానికి మూల్యము చెల్లించువాడు ఒక్క బీదవాడే యైనప్పుడు, వాని పక్షమున మాటాడువాడొకడు ఉండితీరవలెను. మద్యము కీడనువారి మాటయు సత్యమే. వృత్తి తీసివేసినవాడు వేఱు వృత్తి చూపవలెననుటయు సత్యమే. రెండవ సత్యమును చెప్పువాడు లేనిచో మొదటిది దౌర్జన్యముగ మాఱును.

1955 ఎన్నికల పిమ్మట బెజవాడ గోపాలరెడ్డిగారి మంత్రివర్గమున లచ్చన్నగారు మఱల మంత్రియైరి. విడిచిన పదవి తిరిగి రావచ్చును. విడిచిన జనము తిరిగి రారు.

సహకార సంఘ సభ్యులమగు మనకు ముఖ్యమైన ఘట్టము 1959లోనిది. ఆ యేడు జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ, పొలములన్నియు కలిపి సమష్టిగ సేద్యము చేయు సహకార వ్యవసాయమును లక్ష్యముగ తీర్మానించినది. రంగాగారు దానిని వ్యతిరేకించి కాంగ్రెసును వీడి, రాజాజీగారితో కలిసి స్వతంత్రపార్టీని నెలకొల్పిరి. లచ్చన్నగారును అందు చేరి ముఖ్యులైరి. సహకారమునకు శత్రువులని వారిని నిందించినవారును కలరు. ఇందు మనము ఒక భేదము గమనింపవలెను. అప్పు, ఎరువు, విత్తనము, గిడ్డంగి, అమ్మకము, వీనికై రైతులు కూడుట యొకటి. గట్లు చెఱిపి పొలమునే ధారపోయుట వేఱొకటి. మొదటిదానిలో రైతు తన పొలమునకు యజమానిగ నుండి బలము పొందును. రెండవదానిలో ఆ బలము ఎవరిచేతికి పోవునోయను భయము సహజము. సభ్యుని యిష్టమున పుట్టిన సంఘమే నిలుచును. పైనుండి దింపినది రికార్డులలోనే మిగులును. ఆ సమష్టి సేద్యము దేశమున ఎక్కడను విస్తారముగ వేళ్లూనలేదు. మన పరపతి సంఘములు మాత్రము నేటికిని పనిచేయుచున్నవి.

వారి త్యాగబుద్ధికి 1967వ సంవత్సరము మఱియొక నిదర్శనము. ఆ యెన్నికలలో లచ్చన్నగారు శాసనసభకును, శ్రీకాకుళము లోక్ సభ స్థానమునకును గెలిచిరి. గురువగు రంగాగారు చిత్తూరులో ఓడిరి. లచ్చన్నగారు లోక్ సభ స్థానమును వదలి, ఉపయెన్నికలో రంగాగారిని ఇచ్చటనుండి గెలిపించి ఢిల్లీకి పంపిరి. తాను గెలిచిన కుర్చీలో మఱొకరిని కూర్చుండబెట్టు నాయకులు ఎందఱుందురో చదువరులే లెక్కించుకొందురు గాక.

1972-73లో వారు జై ఆంధ్ర యుద్యమమున ముందు నిలిచిరి. 1974లో స్వతంత్రపార్టీ భారతీయ లోక్ దళ్ లో కలిసినది; ఆ పిమ్మట వారు జనతాపార్టీ పక్షమున 1978 శాసనసభలో ప్రతిపక్ష నాయకులైరి. 2006 ఏప్రిల్ 19వ తేదీన, తొంబదియాఱేండ్ల నిండు వయస్సున కాలధర్మము నొందిరి. నాగావళిపై కట్టిన తోటపల్లి బ్యారేజీకి ప్రభుత్వము వారి పేరు పెట్టినది. పొలమునకు నీరు మళ్లించు కట్టడమునకు రైతునాయకుని పేరుండుట ఉచితమే.

ఇంత చెప్పి లోపములను దాచుట న్యాయము కాదు. కాంగ్రెసు, కృషికార్, స్వతంత్ర, లోక్ దళ్, జనతా అని పార్టీలు మాఱినవారిపై స్థిరత లేదను మాట వచ్చుట సహజము. వారు నమ్మిన పార్టీలలో కొన్ని కాలక్రమమున మాసిపోయినవి. అయినను గొడుగులు మాఱినవి గాని గొడుగుక్రింద నున్నవారు మాఱలేదు. రైతును, గీతవానిని వీడి వారు ఏ గొడుగు క్రిందికిని పోలేదు.

వారు గతించిన తరువాత ఈ సీమకు కష్టకాలము రాకపోలేదు. వారి సోంపేట ప్రాంతమున 2010 జూలై 14వ తేదీన బీలభూములలో థర్మల్ విద్యుత్కేంద్రమును వద్దన్నవారిపైనను, 2011 ఫిబ్రవరి 28వ తేదీన మన భావనపాడునకు చేరువనున్న కాకరాపల్లి తంపరయొద్దను పోలీసుల కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. గున్నమ్మ కూలిన డెబ్బది యేండ్లకు అదే జిల్లాలో, ఆ నేలకొఱకే! భావనపాడు పేరిట తలపెట్టిన ఓడరేవునకు 2023 ఏప్రిల్ 19వ తేదీన మూలపేటవద్ద పునాదిరాయి పడినది. రేవు వచ్చినచో పనులు వచ్చుననువారును, భూమి పోవునని దిగులుపడువారును మనలోనే కలరు. ఇద్దఱి మాటయు వినదగినదే. పుచ్చుకొన్న భూమికి ముట్టవలసినది ముట్టినదా, వలవేయువానికి త్రోవ మిగిలినదా యని అడుగుటకు భయపడని నోరొకటి కావలెను.

అట్టి నోటిని ఎన్నికలనాడు వెదకిన దొరకదు. మన సంఘములలోనే పెంచుకొనవలెను. సంఘమునకు పాలకవర్గము నెన్నుకొనునపుడు, ఇతనికి పదవి యిచ్చిన నేమి చేయునని అందఱము అడుగుదుము. సభ్యుల మేలునకు అడ్డమైననాడు ఆ పదవిని ఇతడు విడువగలడా యనియు అడుగవలెను. 1954లో బారువ గీతవాని బిడ్డ చెప్పిన సమాధానము మన యెదుట నున్నది. తగిన సమాధానము చెప్పగలవాని చేతికే సంఘపు తాళము ఇయ్యవలెనని మా మనవి.