ఆ కాల్షియం గోలీలో విటమిన్ డి కూడా ఉంది
(గర్భిణులు, బాలింతలు, వారి ఇంటివారి కోసం)

"రక్తం గోలీలు వేసుకుంటున్నా కదా, మళ్లీ ఇవెందుకు?" అని ఆశా కార్యకర్తను అడిగేవాళ్లు ఉంటారు. ఆరోగ్య ఉపకేంద్రంలో ఉచితంగా ఇచ్చే కాల్షియం గోలీ గురించే ఈ ప్రశ్న. ఒక్కో గోలీలో 500 మిల్లీగ్రాముల కాల్షియంతో పాటు 250 యూనిట్ల విటమిన్ డి ఉంటుంది. నాలుగో నెల నుంచి కాన్పు దాకా, కాన్పు తర్వాత మరో 6 నెలలు, రోజుకు 2 చొప్పున వేసుకోవాలి.

రెండూ కలిపి ఎందుకంటే, పేగులు ఆహారంలోని కాల్షియంను సరిగా పీల్చుకోవాలంటే విటమిన్ డి కావాలి. అది తక్కువైతే ఒంట్లో ఎముకల నుంచే కాల్షియం కరుగుతుంది. నడుం, తుంటి నొప్పులు, కింద కూర్చుని లేవడానికి కష్టం... వీటిని "కడుపుతో ఉన్నప్పుడు మామూలే" అని వదిలేస్తాం. కానీ తల్లిలో లోటు బాగా ఉంటే పుట్టిన బిడ్డకు కాల్షియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత రికెట్స్: మాడు ఆలస్యంగా పూడటం, నడక ఆలస్యం కావడం, కాళ్లు దొడ్డిగా వంగడం.

తల్లిపాలు బిడ్డకు అన్ని విధాలా మంచివే, విటమిన్ డి మాత్రం వాటిలో తక్కువ. అందుకే పిల్లల డాక్టర్లు మొదటి ఏడాది రోజుకు 400 యూనిట్ల చుక్కలు రాస్తారు. రాయకపోతే మీరే అడగండి.

ఇంత ఎండ ఉన్న ఊళ్లో ఈ లోటేమిటి అనిపిస్తుంది. ఎండ ఊరి మీద పడితే చాలదు, చర్మం మీద పడాలి. నిజామాబాద్, సిరిసిల్ల వైపు పొద్దంతా ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లకు ఆ ఎండ ఎక్కడిది? కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ పనికిరాదు. ఒంటికి కావలసిన కిరణాలను అద్దం ఆపేస్తుంది.

పొద్దున లేత ఎండే మంచిదని మన పెద్దల మాట. హాయిగా ఉంటుంది నిజమే, కానీ అందులో ఆ కిరణాలు చాలా తక్కువ. గుర్తు సులువు: మీ నీడ మీ ఎత్తు కన్నా పొట్టిగా ఉన్నప్పుడు పడే ఎండలోనే విటమిన్ డి బాగా తయారవుతుంది. మే నెలలో ఉదయం 9 దాటితే నీడ పొట్టిదవుతుంది, డిసెంబరులో 11 దాకా ఆగాలి. ముఖం, చేతులకు కాసేపు తగిలితే చాలు. వడగాలుల రోజుల్లో మధ్యాహ్నం బయటికి రావద్దు.

తిండితో ఈ లోటు పూడదా? ఆరోగ్య లక్ష్మి కింద అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు పచ్చసొనలో సుమారు 40 యూనిట్లు ఉంటాయి. పెద్దలకు రోజుకు కావలసింది 600. గుడ్డు తప్పక తినండి, గోలీ మానకండి.

ఉదయం టిఫిన్‌తో ఒకటి, మధ్యాహ్నం అన్నంతో ఒకటి వేసుకోండి, ఖాళీ కడుపున వద్దు. రక్తం గోలీ మాత్రం రాత్రికి ఉంచుకోండి. ఈ రెండింటి మధ్య కనీసం 2 గంటలు తేడా లేకపోతే ఐరన్ ఒంటికి పట్టదు.

ఇక మందుల షాపుల్లో దొరికే 60,000 యూనిట్ల గుళిక సంగతి. అది సాధారణంగా వారానికి ఒకటి, అదీ డాక్టర్ చెప్పినన్ని వారాలే. రోజూ మింగితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. చీటీ మీద "వారానికి" అని ఉందో "రోజూ" అని ఉందో చదివించుకోండి. గుండెకు, క్యాన్సర్‌కు మంచిదని కొందరు సొంతంగా వాడుతుంటారు. అమెరికాలో దాదాపు 26 వేల మందిని ఐదేళ్లు పరీక్షించి చూస్తే, రోజూ విటమిన్ డి వేసుకున్నవాళ్లకు ఆ జబ్బులేమీ తక్కువ రాలేదు.

కిడ్నీలో రాళ్లు ఉన్నవారు, కిడ్నీ జబ్బుకు మందులు వాడేవారు కాల్షియం గోలీ మొదలుపెట్టే ముందే ఏఎన్ఎంకు ఆ మాట చెప్పాలి. గోలీలు అయిపోతే తర్వాతి చెకప్ దాకా ఆగకండి, మీ ఆశా కార్యకర్తను అడిగి తెప్పించుకోండి.